నూరవ గోలు ప్రారంభోత్సవం

గోలు కొట్టడం తప్ప ఈ గుంటకు మరో పని చేతకాదని సూరాడ పైడమ్మను ఆమె మేనత్త ఎర్రయ్యమ్మ చిన్నప్పుడు రోజూ తిట్టేది. ఆ తిట్టే పెద్దయ్యాక బిరుదై కూర్చుంది. గెడ్డపాలెం రేవులో వలలు ఆరేసే ఇసుకలో, చిరిగిన వలముక్కలు చుట్టిన ఉండను రెండు తెడ్ల మధ్య నుంచి తన్ని తన్ని ఆట నేర్చుకున్న పైడమ్మ, దేశం తరఫున తొంభై తొమ్మిది గోల్స్ కొట్టింది. ఆడవాళ్లలోనే కాదు, మగవాళ్లలో కూడా ఈ దేశంలో అన్ని కొట్టినవాళ్లు లేరు. ఇందులో మగవాళ్లకు కొంత చిన్నతనం ఉంది గాని, దాని సంగతి వాళ్లు చూసుకుంటారు.

ప్రతి ఆట తర్వాతా పత్రికలవాళ్లు ఆమె చుట్టూ మూగి విజయరహస్యం అడిగేవారు. ఆమె ప్రతిసారీ ఒకటే చెప్పేది.

"బంతొచ్చినాది. కొట్టేసినాను."

మొదట్లో విలేకరులు దీనికి చిలవలు పలవలు చేర్చి, క్రమశిక్షణ అనీ కఠోర సాధన అనీ రాసేవారు. కొన్నాళ్లకు వాళ్లకే విసుగు పుట్టి ఆ రెండు ముక్కలూ అలాగే అచ్చు వేయడం మొదలుపెట్టారు. నిజానికి ఆ రెండు ముక్కల మధ్య పైడమ్మకు ఇంకేమీ కనపడేది కాదు. బంతి రావడం, కొట్టడం, అంతే.

అయితే ఆమె కుడి మోకాలు అరిగిపోయింది. ప్రతి ఆట తర్వాతా బూరెలా పొంగుతోంది. ఈ ఏడాదితో సరి, ఆ పైన ఆడితే నడక కూడా దక్కదని డాక్టరు తేల్చి చెప్పాడు. పైడమ్మ ఏడవలేదు. మోకాలు పూర్తిగా మొరాయించేలోపు ఆ నూరోది కూడా ఆ కాలితోనే కొట్టి, అత్త దగ్గరికి వెళ్లిపోవాలనుకుంది. ఆమె కోరినది అంతే. బంతి ఎలాగూ వస్తుంది, కాలు ఇంకా ఉంది, మధ్యలో అడ్డేమిటనుకుంది.

మధ్యలో సమాఖ్య ఉంది.

జాతీయ పాదకందుక క్రీడా సమాఖ్యకు అధ్యక్షులు విశ్వపతిరావుగారు. ఆయన జన్మలో బంతిని తన్ని ఎరగరు. ఆయనకు ఊరూరా కల్యాణమండపాలున్నాయి. మైదానాలు ఖాళీగా ఉన్నప్పుడు రిసెప్షన్లకు అద్దెకివ్వవచ్చునని మొట్టమొదట కనిపెట్టినవారు గనుక ఆయన్ను ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు. ఆయన మండపాల్లో ఒక ఆచారం ఉంది. ముఖ్య అతిథి ఇంకా దారిలో ఉన్నాడంటే, పెళ్లికొడుకు తాళిబొట్టు చేత్తో పట్టుకుని నిలబడి ఉండవలసిందే. ముహూర్తమైనా దాటవచ్చు గాని ముఖ్య అతిథిని దాటి ఏ శుభకార్యమూ జరగరాదన్నది ఆయన సిద్ధాంతం. అలాంటి పెద్దమనిషికి ఓ పొద్దున్న కాఫీ తాగుతుండగా పిడుగులాంటి ఆలోచన వచ్చింది. నూరో గోలు శుభకార్యమే కదా, దానికి ముఖ్య అతిథి ఎవరు?

సాయంత్రానికల్లా ఉత్తర్వు వెలువడింది. దాన్ని రాసినవారు కార్యదర్శి శేషావతారంగారు. "నూరవ గోలు వ్యక్తిగత ఆస్తి కాదు, జాతి సంపద. గౌరవనీయ క్రీడాశాఖామాత్యుల సమక్షమున, శుభముహూర్తమున, యథావిధిగా ప్రారంభోత్సవము జరుపబడువరకు సదరు క్రీడాకారిణి ఎట్టి పరిస్థితులలోను గోలు చేయరాదు" అని ఉంది అందులో.

పైడమ్మ దాన్ని చదివించుకుని, అర్థం కాక మళ్లీ చదివించుకుని, నేరుగా శేషావతారంగారి గదికి వెళ్లింది.

"మరి బంతొత్తే ఏటి సెయ్యాల బాబూ?"

"రానివ్వండి" అన్నారాయన, కళ్లజోడు పైనుంచి చూస్తూ. "బంతి వచ్చుటకు సమాఖ్యకు అభ్యంతరము లేదు. పోవుట మాత్రమే నిషిద్ధము."

కోచ్ డేనియల్ మాస్టారు పాతకాలపు మనిషి. ఆయన ఆ సాయంత్రమే వచ్చి, అలాగైతే మంత్రిగారి తేదీ దొరికేదాకా పిల్లను బెంచీ మీద కూర్చోబెడతానని, ఆమె మోకాలికి విశ్రాంతైనా దక్కుతుందని బతిమాలారు. శేషావతారంగారు ఒప్పుకోలేదు. టిక్కెట్లన్నీ ఆమె బొమ్మ మీదే అమ్ముడవుతున్నాయి. ఆమె ఆడవలెను, ఆడుట ఆమె విధి, గోలు చేయకుండుట ఆమె క్రమశిక్షణ అని సెలవిచ్చి పంపేశారు.

గోలు కొట్టకుండా ఉండటం తేలిక అనుకుంటారు చాలామంది. మనలో ముప్పాతిక మువ్వీసం మంది పుట్టినప్పటినుంచీ అదే పని నిరాటంకంగా చేస్తున్నాం. కాని పైడమ్మకు అది చేతకాలేదు. బంతి దగ్గరికి వచ్చేసరికి కాలు తన పని తాను చేయబోయేది, ఆమె చివరి క్షణంలో దాన్ని పక్కకు లాక్కునేది. ఈత వచ్చినవాణ్ణి మునగమంటే ఎంత కష్టమో ఆమెకు అప్పుడు తెలిసివచ్చింది. ఆమె అవస్థ గమనించి సమాఖ్య గోలు నివారణాధికారి అని ఓ పెద్దమనిషిని నియమించింది. ఆయన అంతకుముందు అడవుల్లో నిప్పంటుకోకుండా చూసే శాఖలో పనిచేసి రిటైరయ్యారు. నివారణలో అనుభవం అవసరం గాని దేన్ని నివారిస్తున్నామన్నది ముఖ్యం కాదని ఆయన మొదటిరోజే ప్రకటించారు. రోజూ ఎండలో పైడమ్మ చేత గోలు స్తంభానికి బయటగా బంతులు తన్నించారు. లోపలికి పోయినప్పుడల్లా పెదవి విరిచి తల అడ్డంగా ఆడించేవారు. లోపలికే ఎక్కువ పోయేవి.

తర్వాతి ఆటలో కార్నర్ నుంచి బంతి లేచింది. పైడమ్మ నివారణాధికారిగారు నేర్పినట్టే బుద్ధిగా గోలుకు వీపు పెట్టి నిలబడింది. బంతి వచ్చి ఆమె వీపుకు తగిలి, గోలీ చేతుల మీదుగా వెళ్లి వలలో పడింది. మైదానం దద్దరిల్లింది. జట్టు గెలిచింది. సాటి పిల్లలు పైడమ్మను ఎత్తుకుని తిప్పుతుంటే, ఆమె అధ్యక్షులవారి పెవిలియన్ వైపు భయంగా చూసింది. విశ్వపతిరావుగారి ముఖం నెత్తురుచుక్క లేకుండా పోయింది.

ఆ మర్నాడు మన సమాఖ్య ఒక అపూర్వమైన పని చేసింది. తన గోలును రద్దు చేయమని తానే పై సంఘానికి అప్పీలు పెట్టుకుంది. శేషావతారంగారు విమానమెక్కి వెళ్లి స్వయంగా వాదించారు. వీపు క్రీడాంగము కాదనీ, వీపు తిప్పినవారికి గోలు చేయు సంకల్పము ఉండజాలదనీ, సంకల్పము లేని కార్యము శాస్త్రరీత్యా చెల్లదనీ ఆయన వాదన. ఓడిపోయిన దేశం తరఫు లాయరు ఫైళ్లు, సాక్షులు, వీడియోలు పట్టుకుని యుద్ధానికి సిద్ధమై వచ్చాడు. ఇదంతా విని లేచి, మాకేమీ అభ్యంతరం లేదని చెప్పి భోజనానికి వెళ్లిపోయాడు. గోలు రద్దయింది. గెలిచిన ఆట సమానమైంది. జట్టు పట్టికలో పైనుంచి కిందికి జారింది. పెద్ద టోర్నీకి వెళ్లాలంటే ఇక చివరి ఆట గెలిచి తీరాలి. విశ్వపతిరావుగారు విలేకరులను పిలిచి, న్యాయం గెలిచిందని ప్రకటించి మిఠాయి పంచారు.

అడగకుండా వచ్చిన గోలు అది. ఆమె కొట్టలేదు, అయినా వచ్చింది. దాన్ని కూడా తీసేసుకున్నారని పైడమ్మకు కడుపు మండిపోయింది.

రహస్యం దేశదేశాలకూ పాకిపోయింది. పైడమ్మ గోలు కొట్టదట అని తెలిశాక, చివరి ఆటకు ముందు జరిగిన స్నేహపు పోటీల్లో అవతలి జట్లవాళ్లు ఆమెను కాపు కాయడం మానేసి, మిగతావాళ్ల మీద ఇద్దరేసి పడేవారు. ఆమె గోలు ముందు పెళ్లింట్లో తెలిసినవాళ్లు లేని చుట్టంలా ఒంటరిగా నిలబడేది. గోలీలు ఆమెతో కబుర్లలోకి దిగేవారు. ద్వీపదేశం గోలీ ఒకామె, తాటిచెట్టంత పొడుగు మనిషి, వెనకటికి పైడమ్మ చేతిలో గోల్స్ తిని తిని విసిగినది, ఇంకెప్పుడు కొడతావమ్మా అని సైగ చేసి అడిగింది. పైడమ్మ వేలు పైకి చూపించింది. ఆమె దేవుడనుకుని దండం పెట్టింది. పైడమ్మ చూపించింది పెవిలియన్ పై అంతస్తును.

ఓ పొద్దున్న ఎర్రయ్యమ్మ ఫోన్ చేసింది. నీ కాలికి దిష్టి తగిలిందని ఊరంతా అంటున్నారు, ఎండుమిరపకాయలు తిప్పి నిప్పుల్లో వేశాను, ఘాటు కూడా రాలేదు, పెద్ద దిష్టే అని మొదలుపెట్టి, చివరికి గొంతు తగ్గించింది.

"ఓలె గుంటా, నిజం సెప్పు. కొట్టలేకపోతన్నావా, కొట్టడం నేదా?"

"కొట్టనివ్వట్నేదత్తా. మంత్రిగోరు రావాలంట."

అవతల అలల చప్పుడును మించేలా గొంతు లేచింది.

"సేప వల్లో పడ్డాక మంత్రి కోసరం దాసితే కుళ్లిపోద్దే" అంది ఎర్రయ్యమ్మ.

కుళ్లిపోయే చేప తన మోకాలేనని పైడమ్మకు తెలుసు. రాత్రిళ్లు అది సలుపుతూనే ఉంది. మంత్రిగారి తేదీ మాత్రం దొరకడం లేదు. మొదట ఆయన విదేశాల్లో ఆటలు ఎలా ఆడతారో చూడటానికి వెళ్లారు. ఆయన తిరిగొచ్చేసరికి మూఢం వచ్చింది. మూఢంలో పెళ్లే చేయరు, గోలు ఎలా చేస్తారని విశ్వపతిరావుగారి పురోహితుడు అడ్డం పడ్డాడు. మూఢం వెళ్లేసరికి మంత్రివర్గం మారింది.

కొత్త మంత్రిగారు ఫైలు చూసి కనుబొమలు ముడిచారు. నూరో గోలుకు ప్రారంభోత్సవం సరే, మిగతా తొంభై తొమ్మిదికి ఎవరు చేశారని అడిగారు. ఎవరూ చేయలేదు. పాత ప్రభుత్వ హయాంలో జాతి సంపద ప్రారంభోత్సవాలకు నోచుకోకుండా ఇలా దిక్కులేనిదై పడి ఉండటం తనను కలచివేసిందన్నారు. దాంతో విశ్వపతిరావుగారు సామూహిక వివాహాల పద్ధతిలో, తన పెద్ద మండపంలో, తొంభై తొమ్మిది గోల్స్‌కూ ఒకే వేదిక మీద సామూహిక ప్రారంభోత్సవం ఏర్పాటు చేశారు. ఒక్కో గోలుకూ ఒక్కో కొబ్బరికాయ కొట్టారు. ఏ గోలు ఏ దేశం మీద పడిందో పేరు పేరునా చదువుతుంటే ఆయా దేశాల రాయబారులు ముందు వరుసలో తల దించుకుని కూర్చున్నారు. పైడమ్మను వేదిక మీద పెళ్లికూతురి కుర్చీలో కూర్చోబెట్టారు. ఆమె ఉబ్బిన మోకాలు చాపుకోవడానికి చోటు లేక నానా యాతనా పడింది. ఆ రోజే మంత్రిగారు నూరో గోలుకు తేదీ ఇచ్చేశారు. సరిగ్గా చివరి ఆట రోజు. సొంత మైదానం. ద్వీపదేశంతో.

మర్నాడు పొద్దున్నే డాక్టరు మోకాలు నొక్కి చూసి, ఈ ఒక్క ఆటే, అది కూడా దేవుడి దయ అన్నాడు.

ఆట రోజు మైదానం చూసి పైడమ్మ గుర్తుపట్టలేకపోయింది. గోలు స్తంభాలకు అరటిబోదెలు కట్టారు. అడ్డకర్రకు మామిడి తోరణం వేలాడుతోంది. కార్నర్ జెండా పక్కన సిమెంటు దిమ్మె కట్టి, దాని మీద శిలాఫలకం నిలబెట్టి, పసుపు తెర కప్పారు. ఒక స్తంభానికి ఎర్ర రిబ్బన్ చుట్ట సిద్ధంగా ఉంది. ఎక్కడి నుంచో వచ్చిన రిఫరీ ఇదేమిటని నోరు తెరిచాడు. మా దేశంలో గోలు ఇలాగే జరుగుతుందని శేషావతారంగారు ఆయనకు నచ్చజెప్పారు. చివరికి, మంత్రిగారు వచ్చేదాకా రిబ్బన్ కట్టకూడదన్న షరతు మీద రాజీ కుదిరింది. గ్యాలరీలో జనం కిక్కిరిసి ఉన్నారు. మధ్యలో ఎక్కడో, ఖాళీ చేపల గంప బోర్లించుకుని దాని మీద ఎర్రయ్యమ్మ కూర్చుని ఉంది.

ఆట మొదలైంది. మంత్రిగారు దారిలో ఉన్నారని మైకులో చెప్పారు. సగం ఆట అయింది. మంత్రిగారు ఇంకా దారిలోనే ఉన్నారు. పైడమ్మకు ఖాళీ గోలు ముందు బంతి దొరికింది. ఆమె పెవిలియన్ వైపు చూసింది. విశ్వపతిరావుగారు తాళి ఆపినట్టే అరచేయి చూపించి ఆపారు. ఆమె కళ్లు మూసుకుని బంతిని అరటిబోదెకేసి కొట్టింది. గ్యాలరీ అంతా ఛీ అంది. ఆమె జీవితంలో ఎన్నడూ వినని మాట అది. రెండు జట్లకూ గోలు లేదు.

ఆట కాస్సేపట్లో ముగుస్తుందనగా సైరన్లు మోగాయి. విశ్వపతిరావుగారు పంచె ఎగ్గట్టి మైదానం మధ్యకు నడిచి, చేతులెత్తి ఆట ఆపేశారు. రిఫరీ ఏదో అనబోయి, ఆయన వెనక వస్తున్న తుపాకులవాళ్లను చూసి, గడియారం ఆపుకుని పక్కన నిలబడ్డాడు. రిబ్బన్ కట్టారు. పెనాల్టీ గుర్తు మీద కుంది పెట్టి దీపం వెలిగించారు. ప్రార్థన గీతం అయింది. మంత్రిగారు వెండి కత్తెరతో రిబ్బన్ కత్తిరించి, ఫుట్‌బాల్ గుండ్రంగా ఉంటుందనీ, దేశం కూడా అలాగే ముందుకు దొర్లాలనీ ప్రసంగించారు. మంత్రిగారికి శాలువా కప్పారు. అధ్యక్షులకు, కార్యదర్శికి, నివారణాధికారికి కప్పారు. పైడమ్మ దగ్గరికి వచ్చేసరికి శాలువాలు అయిపోయాయి. ఆమెకు పూలగుత్తి ఇచ్చి, ఫొటో తీసి, ఆ గుత్తి మళ్లీ తీసుకున్నారు.

ఇప్పుడైనా కొట్టమంటారని ఆమె ఎదురు చూసింది. కాని విశ్వపతిరావుగారికి మరో మర్యాద గుర్తుకొచ్చింది. వంగి బంతిని మంత్రిగారి బూటు ముందుంచి, "తమరి అమృతపాదంతో" అన్నారు.

మంత్రిగారు తన్నారు. బంతి బద్ధకంగా దొర్లింది. పొడుగు గోలీ పరాయి దేశపు పూజలో వేలు పెట్టడమెందుకని మర్యాదగా పక్కకు తప్పుకుంది. గీత దగ్గరికొచ్చి ఆగిపోయిన బంతిని శేషావతారంగారు, ఎవరూ చూడటం లేదనుకుని, కాలివేలితో లోపలికి నెట్టారు. బ్యాండు మోగింది. పసుపు తెర తొలగింది. "ఈ నూరవ గోలు గౌరవ క్రీడాశాఖామాత్యుల అమృతపాదములచే చేయబడినది" అని చెక్కిన అక్షరాలు బంగారు రంగులో మెరిశాయి. కింద అధ్యక్షుల పేరు, కార్యదర్శి పేరు, శిల చెక్కినవాడి పేరు ఉన్నాయి. పైడమ్మ ఆసాంతం చదివించుకుంది. ఆమె పేరు లేదు.

కార్యక్రమం దిగ్విజయంగా ముగిసిందని, బయట పులిహోర పొట్లాలు ఉన్నాయని మైకులో చెప్పగానే గ్యాలరీ ఖాళీ అయింది. మంత్రిగారి కార్ల వెంట సమాఖ్య మొత్తం వెళ్లిపోయింది. షామియానావాళ్లు తివాచీలు చుట్టడం మొదలుపెట్టారు. మైదానంలో రెండు జట్లు, డేనియల్ మాస్టారు, గ్యాలరీలో గంప మీద ఎర్రయ్యమ్మ మిగిలారు. రిఫరీ గడియారం చూసుకుని, ఇంకా కాసేపు ఆట ఉందని వేళ్లు చూపించి, ఈల వేశాడు.

పైడమ్మ మెల్లగా కుంటుకుంటూ గోలు ముందుకు వెళ్లి నిలబడింది. ఉత్తర్వు ఆమెకు నోటికి వచ్చు. ప్రారంభోత్సవం జరుపబడువరకు అని ఉంది. జరుపబడింది. ఇక చేయెత్తి ఆపేవాళ్లు ఎవరూ లేరు. అలవాటు చొప్పున ఆమెను ఎవరూ కాపు కాయడం లేదు. పొడుగు గోలీ ఒక్కతే ఆమె కళ్లలోకి చూసి, ఏదో మారిందని పసిగట్టి, చేతులు చాపి గట్టిగా నిలబడింది. పైడమ్మకు ఆమె మీద ప్రేమ పొంగుకొచ్చింది. ఇన్నాళ్లకు ఒక మనిషి తనను ఆటగత్తెలా చూసింది.

బంతి వచ్చింది.

వల ఊగింది. మామిడి తోరణం తెగి కింద పడింది. ఆ తన్నుకే మోకాలు పోయింది, పైడమ్మ గడ్డి మీద వెల్లకిలా పడిపోయింది. పైన ఆకాశం తప్ప ఏ అంతస్తూ కనపడలేదు. ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. పొడుగు గోలీ పరుగున వచ్చి, గోలు తిన్నందుకు తిట్టుకుంటూనే ఆమెను చంకల కింద చేతులేసి లేపింది. గ్యాలరీలో ఎర్రయ్యమ్మ గంప మీదికెక్కి నిలబడి, ఖాళీ మైదానమంతా వినపడేలా అంది. "అది నా మేనకోడలు."

జట్టు గెలిచింది. పెద్ద టోర్నీకి వెళ్లింది. పైడమ్మ గెడ్డపాలెం వెళ్లింది.

కొన్నాళ్లకు, ఎండుచేపలు ఆరబోసిన ఇసుకలో కట్టు కట్టిన కాలు చాపుకుని కూర్చున్న ఆమెకు సమాఖ్య నుంచి రిజిస్టరు తపాలా వచ్చింది. తెచ్చినవాడి చేతే చదివించుకుంది. నూరవ గోలు సదరు దినమున గౌరవ మంత్రివర్యులచే చేయబడియున్నందున, తదనంతరము మీరు చేసినది నూట ఒకటవదిగా భావించబడుచున్నది. దానికి అనుమతి, ముహూర్తము, ముఖ్య అతిథి ఏవియు లేవు. మీపై ఏల చర్య తీసుకొనరాదో వెంటనే సంజాయిషీ ఇవ్వవలెను.

ఎర్రయ్యమ్మ చేపలు తిరగేస్తూ, ఏటంట అని అడిగింది. పైడమ్మ చెప్పింది. మరేటి రాత్తావే అని అడిగింది అత్త. పైడమ్మ కాగితం వెనక్కి తిప్పి, మోకాలి కట్టు మీద పెట్టుకుని, తనకు వచ్చిన అక్షరాల్లో, తనకు తెలిసినదే రాసింది.

"బంతొచ్చినాది. కొట్టేసినాను."

సమాఖ్య ఆ సంజాయిషీని క్షుణ్ణంగా పరిశీలించింది. బంతి ఎవరి అనుమతితో వచ్చిందో తేల్చడానికి విశ్వపతిరావుగారి అధ్యక్షతన ఒక ఉపసంఘం వేసింది. దాని మొదటి సమావేశానికి ముఖ్య అతిథి ఇంకా దారిలో ఉన్నారు.